ఇరవై రెండు నిమిషాల గీత

రాడార్ కేంద్రం,
మార్చి 12.

ప్రియమైన బాపుకు,

నీ సంధ్య రాసుకునేది. అమ్మతో ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ "మీ బాపు చెయ్యి ఊపుతున్నడు, బిడ్డ ఏమన్నదని అడుగుతున్నడు" అంటుంది. ఆమె నీ ఎడమ చెవిలో అరిచి చెప్పేసరికి నా మాట సగం ఆమె దగ్గరే మిగిలిపోతుంది. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య, ఆ సాంచెల మోతలో నిలబడ్డ చెవులకు ఫోను పనికిరాదని నువ్వే తేల్చేశావు. అందుకని ఉత్తరమే. పైగా ఇక్కడ పనిలోకి వెళ్లేటప్పుడు మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. పైనుంచి మేం వినే చప్పుడు అంత సన్ననిది. పక్కన ఫోను మోగితే చాలు, మునిగిపోతుంది.

"నువ్వు చేసే పనేందో నాకు తెలిసేటట్టు రాయి, ఆదివారం సభలో అడుగుతున్నరు" అని రాశావు. ప్రయత్నిస్తాను.

నేలకు రెండు మూడు వందల కిలోమీటర్ల పైన గాలి చాలా పలుచన. పగలంతా ఎండ తగిలి అది విద్యుత్తు నిండిన పొర అవుతుంది. పొద్దుగూకిన తర్వాత ఆ పొర కింది అంచు నిలకడ తప్పుతుంది. అక్కడి నుంచి పలుచటి బుడగలు పైకి లేస్తాయి. బుడగ లేచిన చోటల్లా పొర చెదిరి ఒడుదొడుకులు పుడతాయి. మా రాడార్ పైకి రేడియో తరంగాలు పంపుతుంది. అవి ఆ ఒడుదొడుకులకు తగిలి, ఏ కొంచెమో తిరిగి వస్తాయి. వచ్చినదాన్ని బొమ్మగా గీస్తాం. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి ఎత్తు.

దీనికి దేశం దక్షిణ కొసకు ఇంత దూరం ఎందుకు రావాలి అంటావు. భూమికి రెండు మధ్యరేఖలు ఉన్నాయి బాపూ. ఒకటి బడిలో చెప్పేది. రెండోది అయస్కాంతానిది. దాని మీద సూదిని వేలాడదీస్తే పైకీ వాలదు, కిందికీ వాలదు, నేలకు సమంగా నిలుస్తుంది. ఆ రేఖ మా కేంద్రం పక్కనుంచే పోతుంది. బుడగలు పుట్టేది దాని మీదనే. అయితే ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి లేచిన బుడగకు అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ కాళ్లు సాగుతాయి, ఉత్తరం కాలు సరిగ్గా మీ సూరత్ మీద దిగుతుంది. అప్పుడు పడవలకూ విమానాలకూ దారి చెప్పే ఉపగ్రహ సంకేతం వణుకుతుంది. బుడగ ఎప్పుడు లేస్తుందో గంట ముందు చెప్పగలిగితే ఎంతోమందికి మేలు. ఇప్పటిదాకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫిబ్రవరి నుంచి నా బొమ్మల్లో బుడగలు వరుసగా కనిపిస్తున్నాయి. నిలువుగా ఒక వెలుగు పట్టీ, సన్నటి చీకటి గీత, మళ్లీ పట్టీ. గీతకూ గీతకూ మధ్య ఇరవై రెండు నిమిషాలు. కింది గాలిలో ఏదో అల నడుస్తూ బుడగలను వరుసలో లేపుతోందని నా ఊహ. మా పెద్ద సార్ శ్యాంసుందర్ గారు, మన తెలుగాయనే, చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇంత సమంగా ఎవరూ చూడలేదమ్మా" అన్నారు. ఏప్రిల్ పదకొండున పెద్ద సభలో నన్నే చెప్పమన్నారు. నా ఉద్యోగం జూన్ ముప్పై వరకే అని నీకు తెలుసు. ఇది నిలబడితే నేనూ ఇక్కడ నిలబడతాను.

మూడు సాయంత్రాల బొమ్మలు పంపుతున్నాను. అమ్మకు చూపించు. నిద్ర సరిపోవడం లేదు, అంతకు మించి బెంగ లేదు.

నీ మాట కోసం ఎదురుచూసే
సంధ్యారాణి

*

జోల్వా, సూరత్ జిల్లా,
మార్చి 20.

ప్రియమైన బిడ్డ సంధ్యకు మీ బాపు సోమలింగం ఆశీర్వదించి రాయునది.

శనివారం పని దిగే వేళకు నీ కవరు వచ్చింది. ఆదివారం సభలో నేను మాట్లాడలేదు బిడ్డా, మండినాను! సంఘం గది నిండింది. మూడు బొమ్మలూ గోడకు అతికించాను. మీ అమ్మ ఎప్పటిలాగే పక్కన కూచుని, ఎవరు ఏమన్నా చిత్తుకాగితం మీద రాసి నా ముందుకు తోసింది.

"ఆకాశం ఖాళీ అన్నోడు ఎవడు? లేసి నిలబడుర్రి!" అన్నాను. "పంచభూతాలల్ల అన్నిటికంటె ముందు పుట్టింది ఆకాశం. దాని గుణమేంది? శబ్దం! గ్రంథం చెప్పలేదా? మీరు ఇన్నరా? ఇనలేదు. సీరియలు ఇన్నరు, సేఠు తిట్లు ఇన్నరు. ఇయ్యాల నా బిడ్డ మిషను పెట్టి ఆకాశం మాట ఇంటున్నది!"

వెంకటయ్య లేచాడు. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ నుంచి సభ కోసమే బస్సెక్కి వచ్చే మనిషి, ఊరికే పోతాడా? "సోమన్నా, మరి గా ఆకాశం ఏ భాషల మాట్లాడుతది? తెలుగా, గుజరాతీయా?"

"నీ అసుంటోనికి ఏ భాషల చెప్పినా ఒకటే" అన్నాను. గదంతా నవ్వింది. అంటే, నవ్వినట్టు నోళ్లు తెరుచుకున్నాయి.

సాంచెల మాస్టర్ సంపత్ ఊరుకుంటాడా? మీ అమ్మ నవ్వుతూ రాసింది: 'మామా, పక్కన సాంచె కొట్టుకుంటె నీకు ఇనవడది. ఆకాశం చప్పుడు ఎట్ల ఇనవడ్డది?' అని అడిగాడట.

"చెవులు పోయినోనికి దేవుడు కండ్లు పెద్దగ చేస్తడురా! సూడు, ఈ గీతలు సూడు. ఇరవై రెండు నిమిషాలు, మళ్ల ఇరవై రెండు నిమిషాలు. మన నేతోళ్ల మూలపురుషుడు తామరతూడు నారతోని దేవతలకు బట్ట నేసిండంటె నవ్వితిరి. గా నేత ఇంక నడుస్తున్నది! ఒక్క పోగు తప్పలే!"

ముసలివాళ్లు దండం పెట్టారు బిడ్డా. నాకు కాదు, గోడకు. నీ బొమ్మలకు. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో అరుస్తున్నాను, తాగుడు మానండని, పిల్లలను బడికి పంపండని. ఎన్నడూ అంత నిశ్శబ్దంగా కూచోలేదు వాళ్లు. నాకు ఎట్లా తెలిసిందంటావా? ఒక్క పెదవి కదలలేదు.

ఇంటికి వచ్చాక ఒళ్లంతా బరువైంది. అరవై మూడు వచ్చాయి, ఇక అరవడం మెల్లగా తగ్గించుకోవాలి.

ఒక్కమాట అడుగుతాను, ముసలి ప్రశ్న. మీ యంత్రం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతుందా? అట్లాంటిదేమీ లేకపోతే మంచిదే. నీ సభ సంగతి వెంటనే రాయి.

నీ మేలు కోరే
బాపు

*

రాడార్ కేంద్రం,
ఏప్రిల్ 14.

ప్రియమైన బాపుకు,

ఆలస్యానికి కోప్పడకు. సభ పదకొండున అయిపోయింది. పదిహేను నిమిషాలు మాట్లాడాను. చివర్న చప్పట్లు కొట్టారు. విదేశం నుంచి వచ్చిన ఒకాయన బొమ్మను మళ్లీ వేయించుకుని చూశారు, ఎన్ని సాయంత్రాలు పరిశీలించావని అడిగారు. పద్నాలుగు అన్నాను. సార్ నా భుజం తట్టి, "ఇక వ్యాసం పంపుదాం, మొదటి పేరు నీదే" అన్నారు. మర్నాడే పంపేశాం.

నీ ప్రశ్నకు జవాబు. రాడార్ మధ్యలో ఆగదు బాపూ. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే మేం ఆపేదాకా ఒక్క క్షణం ఆగదు. దాని గురించి నువ్వు మనసు పాడుచేసుకోవద్దు.

నువ్వు సభలో చెప్పిందంతా అమ్మ ఫోన్లో చెప్పింది. ముసలివాళ్లు దండం పెట్టారని నువ్వు రాసిన చోట చదవడం ఆపేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. అంతగా చెప్పాల్సింది కాదేమో. ఇంకా వ్యాసం అచ్చు కాలేదు కదా. కాని నిన్ను నేను ఆపగలనా? చిన్నప్పుడు నా పదో తరగతి మార్కులు కూడా నువ్వు సభలోనే చదివావు.

ఇక్కడ ఉక్క. తిన్నది ఒంటికి పట్టడం లేదు. సభ కోసం కుట్టించుకున్న డ్రెస్సు అప్పుడే వదులైంది. పని మాత్రం చేస్తూనే ఉన్నాను.

ఉంటాను బాపూ,
సంధ్య

*

జోల్వా,
ఏప్రిల్ 24.

ప్రియమైన బిడ్డకు,

ఉత్తరం చేరింది. చప్పట్లు కొట్టారంటే సంతోషం.

ఈ రెండు ఆదివారాలు నేను సభకు పోలేదు. గొంతు బాగా లేదని చెప్పించాను. రాములు వచ్చి నా బదులు చదివి వెళ్లాడట. మంచివాడు, మెత్తటివాడు, జనం హాయిగా కునుకు తీస్తారు.

నాకు ఇంకొన్ని బొమ్మలు కావాలి. ఫిబ్రవరికి ముందువి. నవంబరువి, జనవరివి ఉంటే పంపు. ఎందుకని అడగకు, గోడ ఖాళీగా ఉంది అనుకో.

ఎండలు మొదలైనాయి. రేకుల కింద నిలబడితే కాళ్లు లాగుతున్నాయి. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

బాపు

*

రాడార్ కేంద్రం,
మే 6.

ప్రియమైన బాపుకు,

నువ్వు ఇంత చిన్న ఉత్తరం నా జన్మలో రాయలేదు. నాలుగు పేజీలకు తక్కువైతే తపాలా బిళ్ల వృథా అనేవాడివి. భయమేసి అమ్మకు ఫోన్ చేశాను.

"గొంతు లేదు, ఏం లేదు" అన్నది అమ్మ. "నా మీద అరుస్తనే ఉన్నడు. పని నుంచి వచ్చుడు, నువ్వు పంపిన కాయిదాలు పరుచుకునుడు. దారం తీస్కొని కొలుస్తడు, ముడి ఏస్తడు, మళ్ల కొలుస్తడు. సంఘం గోడ మీది కాయిదాలు ఎందుకు పీకినవయ్యా అంటె, మూలకు తిరిగి కూసున్నడు. గ్రంథం దింపిండు, తెరిసిండు, సదవలే. నీకు ఏమన్న రాసిండా?"

ఏమీ రాయలేదన్నాను.

"తండ్రీ బిడ్డలు ఇద్దరిద్దరే. నడుమ నేనొక టపా డబ్బాను" అని ఫోన్ పెట్టేసింది.

అడిగిన బొమ్మలు పంపుతున్నాను. నవంబరువి రెండు, జనవరివి రెండు. అప్పుడు బుడగలు ఎట్లా పడితే అట్లా లేచేవి, వరుస లేదు.

నా ఉద్యోగం పొడిగించే కాగితం పైకి వెళ్లిందని సార్ చెప్పారు. వ్యాసం ఒప్పుకున్నట్టు కబురు రాగానే సంతకం అవుతుందట. మూడేళ్లు. ఇక్కడ ఒక చిన్న గది, వంటకు ఒక గట్టు, సాయంత్రం కిటికీ తెరిస్తే రాడార్ స్తంభాలు. ఇవి నావి అవుతాయని ఇప్పుడిప్పుడే నమ్మడం మొదలుపెట్టాను.

నీ మనసులో ఏముందో నాకు సూటిగా రాయి. సభలో చెప్పినట్టు కాదు. నాకు చెప్పినట్టు.

నీ
సంధ్య

*

జోల్వా,
మే 19.

ప్రియమైన నా బిడ్డ సంధ్యకు,

సూటిగా రాయమన్నావు. రాస్తున్నాను. కూచుని చదువు.

చెవులు పోయాక సేఠు నన్ను సాంచెల మీద నుంచి తీసి బట్ట చూసే బల్ల దగ్గర పెట్టాడని నీకు తెలుసు. ఏటవాలు అద్దం, దాని వెనుక ట్యూబులైటు. నూరు మీటర్ల బట్ట, ఒక తాకా, ఆ అద్దం మీద నుంచి జారుతూ పోతుంది. దోషం కనబడ్డ చోట నేను సుద్దతో గుర్తు పెడతాను. రోజుకు ఎన్ని తాకాలో లెక్క పెట్టడం మానేశాను. కండ్లు మూసుకున్నా బట్ట జారుతూనే ఉంటుంది.

బట్టలో దోషం రెండు చోట్ల నుంచి వస్తుంది బిడ్డా. ఒకటి నూలు నుంచి. నూలు దోషానికి వేళాపాళా ఉండదు. ఇక్కడొకటి, పది గజాల తర్వాత ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి. రెండోది సాంచె నుంచి. అది కొలిచినట్టు వస్తుంది. అంతే దూరం, మళ్లీ అంతే దూరం. సాంచె ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకున్న చోట బట్టకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డగీత పడుతుంది. మొన్న చేరిన పిల్లవాడిని అడిగినా చెబుతాడు, సమంగా వస్తే నూలును తిట్టకు, సాంచెను చూడు అని.

మార్చి పదిహేను, శనివారం, నీ కవరు నేను ఆ బల్ల దగ్గరే విప్పాను. లైటు వెలుగుతూ ఉంది. చేతిలో ఉన్నదాన్ని అద్దం మీద పెట్టడం నా చేతులకు అలవాటు. పెట్టాను. నువ్వు నిలువు గీతలన్నవి నాకు అడ్డగీతలుగా కనబడ్డాయి. కాలాన్ని బట్ట పొడవు అనుకో, ఎత్తును వెడల్పు అనుకో, నీకూ కనబడతాయి. బుడగలున్న చోట చీకటి గీత ఉంది. బుడగలు లేని చోట, పైన, ఏమీ లేని ఖాళీ భాగంలో కూడా అదే గీత సన్నగా సాగి అంచు దాకా పోయింది. ఆకాశంలో ఏమీ లేని చోట ఆకాశం గీత ఎట్లా గీస్తుంది? మూడు బొమ్మలు, మూడు సాయంత్రాలు, దారంతో కొలిచాను. వెంట్రుక వాసి తేడా లేదు.

ఆ శనివారమే నాకు తెలిసింది. ఆదివారం పోయి, ఒక్క పోగు తప్పలేదని అరిచాను.

ఎందుకు అరిచావంటావా? నీ ఉత్తరంలో ఆ వాక్యం ఉంది కదా, ఇది నిలబడితే నేనూ నిలబడతానని. దాన్ని నా చేత్తో ఎట్లా తెంపను? నేను బట్ట చూసేవాణ్ని, చదువుకున్నవాళ్లు ఇంతమంది చూశారు, నాకేం తెలుసు అని సర్దుకున్నాను. నీకు ముసలి ప్రశ్న అని రాసి తప్పుకున్నాను. పురాణంలో ఒక రాజు ఉన్నాడు. యుద్ధంలో సగం మాట గట్టిగా చెప్పి, సగం మాట మెల్లగా గొణిగాడు. అప్పటిదాకా నేలను తాకకుండా నడిచిన అతని రథం ఆ పూట నేలకు దిగింది. ఆ కథను నేను ఎన్ని ఆదివారాలు చెప్పి జనాన్ని ఏడిపించానో నీకు తెలుసు. ఈ రెండు నెలలు గ్రంథం తెరిస్తే చాలు, ఏ పేజీ అయినా ఆ పేజీనే. నా రథానికి మొదటి నుంచీ చక్రాలు నేల మీదనే ఉన్నాయి, దిగడానికి ఎత్తు లేదు. అయినా దిగింది.

నువ్వు పంపిన నవంబరు, జనవరి బొమ్మలు కూడా బల్ల మీద పెట్టి చూశాను. ఒక్క అడ్డగీత లేదు. బుడగలు ఎట్లా పడితే అట్లా లేచాయన్నావే, అదే అసలు నూలు. ఫిబ్రవరిలో మీవాళ్లు యంత్రంలో గానీ, యంత్రం ఉన్న గదిలో గానీ ఏం మార్చారు? పోయి చూడు. చెవులున్నదానివి, పక్కన నిలబడి విను.

నిన్న ఆదివారం సభకు పోయాను. నీకు రాయకముందే అక్కడ చెప్పాను, తప్పే. ముందు నీకు రాస్తే ఈ ఉత్తరం డబ్బాలో వేసేవాణ్ని కాదు. నన్ను నాకు తెలుసు.

"రెండు నెలల కింద ఈడనే నిలబడి మీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

వెంకటయ్య అడిగాడు, మీ అమ్మ రాసి చూపింది: 'ఏది అబద్ధం సోమన్నా? ఆకాశమా?'

"ఆకాశం నిజమే. బుడగలు నిజమే. ఇరవై రెండు నిమిషాల గీతలు ఆకాశానివి కావు. మిషనువి. నాకు ఆనాడే ఎరుక."

సంపత్ లేచి నా ముందుకే వచ్చాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. "మామా, గీత మిషనుదైతె నీకేంది, మొగులుదైతె నీకేంది? ఊకుంటె పోయేది. పిల్ల నౌకరీ పోతదేమో గద!"

"మన తాకాల దోషం ఉంటె నువ్వు ఊకుంటవా?"

"ఊకోను. కని తాకా నా బిడ్డ కాదు."

దానికి నా దగ్గర గ్రంథంలోంచి ఏమీ రాలేదు. తర్వాత వెంకటయ్య ఒక్కడే మాట్లాడాడు. అతని కొడుకు హజీరా నుంచి పడవ మీద సముద్రంలోకి పోయి వలలు వేస్తాడు కదా. "సోమన్నా, గా గీతలు సూసి గీ గంటకు సిగ్నలు మంచిగుంటది, గా గంటకు ఉండదని రేపు ఎవరన్న పడవలోళ్లకు చెప్తుండెనా?" అని అడిగాడు.

"చెప్పాల్ననే గద ఇదంత" అన్నాను.

తల ఊపి కూచున్నాడు. ఎవరూ దండం పెట్టలేదు. తిట్టనూ లేదు. చెప్పులు వేసుకుని ఒక్కొక్కరే పోయారు. మీ అమ్మ చిత్తుకాగితం మడిచి కొంగున కట్టుకున్నది.

అలిసిపోయాను బిడ్డా. నా లెక్క తప్పైతే ముసలోడికి చాదస్తమని నవ్వి చింపెయ్. ఈ రెండు నెలలూ నా లెక్క తప్పు కావాలనే కొలిచాను.

నీ ముందు తలవంచుకున్న
బాపు

*

రాడార్ కేంద్రం,
జూన్ 2.

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం మే ఇరవై నాలుగున చేరింది. వెంటనే రాయలేకపోయాను. చేయాల్సింది చేసి రాద్దామనుకున్నాను.

నీ లెక్క తప్పు కాదు. ఫిబ్రవరి మొదటివారంలో రాడార్ గదిలో రెండో ఏసీ పెట్టారు. రెండూ వంతులవారీగా నడుస్తాయి. ఇరవై రెండు నిమిషాలకు ఒకటి ఆగి రెండోది అందుకుంటుంది. అందుకున్న ఆ నిమిషం కరెంటు కొంచెం వాలుతుంది, మా వినే యంత్రం మందగిస్తుంది, బొమ్మ మీద గీత పడుతుంది. బుడగల మీద పడ్డ గీతలను నేను బుడగల మధ్య ఖాళీలు అనుకున్నాను.

ఇంతవరకు నీకు తెలిసిందే. ఇప్పుడు నీకు తెలియనిది రాస్తున్నాను. నువ్వూ కూచుని చదువు.

ఇది నాకు నీ ఉత్తరం వల్ల తెలియలేదు బాపూ. ఏప్రిల్ మూడున తెలిసింది. నీ ముసలి ప్రశ్న చదివినప్పటి నుంచి మనసులో అది ముల్లులా తిరుగుతూ ఉంది. ఆ సాయంత్రం ఏడున్నరకు గదిలో ఒంటరిగా కూచున్నాను. టక్కుమని ఏసీ మారింది. చేతి గడియారం చూశాను. మళ్లీ మారేదాకా చూశాను. ఇరవై రెండు. తెర మీద గీత. మూడుసార్లు చూసి, లేచి పోయి ముఖం కడుక్కున్నాను.

ఎనిమిది రోజులకు సభ. చెప్పవచ్చు. చెబుదామని సార్ గది దాకా వెళ్లాను కూడా. అప్పటికే నీ ఉత్తరం నా సంచిలో ఉంది, ముసలివాళ్లు గోడకు దండం పెట్టారని. ఇప్పుడు అది తప్పని నేను చెబితే నువ్వు ఆ గదిలో మళ్లీ ఎట్లా నిలబడతావు? ఇదే నాకు నేను చెప్పుకున్నది. మూడేళ్ల ఉద్యోగం మాట కూడా లోపల ఉంది, దాన్ని నీ పేరు వెనుక దాచాను. రాడార్ మధ్యలో ఆగదని నీకు రాశాను. అది అక్షరాలా నిజం. ఏసీ సంగతి రాయలేదు. నీ రాజు కథ మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు నిన్ను తిట్టుకున్నావు, నాకేమో నన్నే పిలిచినట్టు వినబడింది. మొత్తానికి ఇద్దరం ఒకరి కోసం ఒకరం అనుకుంటూ ఒకే అబద్ధాన్ని మోశాం. నువ్వు ముందు దించావు.

నీ ఉత్తరం సార్ ముందు పెట్టాను. బట్ట చూసే బల్ల దగ్గరి నుంచి చివరి దాకా చదివారు. లేచి రాడార్ గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. అరగంట తర్వాత చెమటతో వచ్చారు.

"టక్కుమంటుంది. నెలల తరబడి దాని పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాను" అన్నారు. తర్వాత, "మీ నాన్నగారిని మా దగ్గరే పెట్టుకోవాల్సింది" అని నవ్వబోయారు, నవ్వు రాలేదు.

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని మేం ఒక లేఖ రాయాలి. తప్పు ఎప్పుడు, ఎట్లా తెలిసిందో అందులో చెప్పాలి. అప్పుడు సార్‌కు ఏప్రిల్ మూడు గురించి చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"నాన్నగారి ఉత్తరం అందాక తెలిసిందని రాద్దాం. అది పొరపాటు అవుతుంది. పొరపాటుకు ఎవరి ఉద్యోగమూ పోదమ్మా. తెలిసీ సభలో చెప్పావంటే వేరే మాట. నీ కాగితం పైనుంచి వెనక్కి వస్తుంది, నేను ఆపలేను."

"మీ పేరు కూడా ఉంది కదా సార్ దాని మీద."

"అందుకే చెబుతున్నా."

ఆ మాటలో కోపం లేదు బాపూ. అలసట ఉంది. ఆయన మంచివాడు. నా కోసమే చెప్పాడు, కొంత తన కోసమూ చెప్పాడు, రెండూ దాచలేదు.

గీతలు తీసేసి పద్నాలుగు సాయంత్రాల బొమ్మలు మళ్లీ గీశాను. అన్నీ నవంబరు వాటిలాగే ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెండు కలిసి, ఆ తర్వాత గంట దాకా ఏమీ లేదు. అవి ఎప్పుడు లేస్తాయో మాకు ఇంకా తెలియదు. పడవలవాళ్లకు చెప్పడానికి మా దగ్గర ఇంకా ఏమీ లేదని వెంకటయ్య మామకు చెప్పు.

శుక్రవారం లేఖ రాయడానికి కూచున్నాను. నాలుగు వాక్యాలకు పొద్దంతా పట్టింది. మే ఇరవై నాలుగు అని పెడితే అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ రోజు నీ ఉత్తరం వచ్చిన మాట నిజం, అందులో తప్పు విడమరిచి ఉన్న మాట నిజం. చివర నీ పేరు పెట్టి కృతజ్ఞతలు కూడా చెప్పవచ్చు, అందంగా ఉంటుంది. ఆ గది, వంట గట్టు, కిటికీ నాకే ఉంటాయి.

జూన్ ముప్పై తర్వాత ఇవి ఉండవు. అమ్మకు నువ్వే చెప్పు, నాకు శక్తి లేదు. సామాను కట్టాక ఏ రైలుకు వచ్చేది రాస్తాను. వచ్చాక కొన్నాళ్లు నన్ను ఏమీ అడగకండి, నిద్రపోతాను.

లేఖలో ఏప్రిల్ మూడు అని రాశాను బాపూ. కింద సంతకం పెట్టి సార్‌కు ఇచ్చాను. ఆయన ఆ తారీఖు మీద వేలు పెట్టి ఒకసారి నా వైపు చూశారు. తర్వాత కలం తీసి, నా పేరు పక్కన తన పేరు కూడా రాశారు.

నీ బిడ్డ
సంధ్యారాణి